టూ ప్యాక్ రేటు, ఎనామిల్ పూత: పాత ఫైబర్ బోటు ఉన్నవాళ్లు జాగ్రత్త

కాకినాడ వైపు పాత ఫైబర్ బోట్లు నడుపుతున్నవాళ్లందరికీ ఈ మాట. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు వేట నిషేధం కాబట్టి మన బోట్లు ఒడ్డెక్కేది, రంగులు పడేది అప్పుడే. ఆ తొందరే కొందరికి పంట. పేరు రాయను గానీ, మా బోటుకు రంగు వేసిన కాంట్రాక్టరు, బేస్ రంగులో దాన్ని గట్టిపరిచే హార్డెనర్ కలిపి వేసే టూ ప్యాక్ పాలీయూరిథేన్‌కి డబ్బులు తీసుకుని మామూలు సింథటిక్ ఎనామిల్ కొట్టి పోయాడు.

వేటకు దిగిన కొద్ది రోజులకే, వల లాగే వైపు అంచు దగ్గర పెయింటు లేచింది. గోరుతో పట్టి లాగితే అరచేయంత పొర ఒక్కసారే ఊడొచ్చింది. తిప్పి చూస్తే దాని వెనక పాత నీలం రంగు పొడి అంటుకుని ఉంది. ఎండకు పొడిబారిన, ఫైబర్ మీద పైపొరగా ఉండే జెల్‌కోట్‌ను సరిగ్గా రుద్దకుండానే పూసేశాడన్నమాట. షెడ్డులో వదిలేసిన డబ్బా మూత తీస్తే మిగతా గుట్టు తెలిసింది. పైన మీగడ కట్టింది, కింద పెయింటు ఇంకా జారుగానే ఉంది. హార్డెనర్ కలిపిన టూ ప్యాక్ అయితే మర్నాటికే డబ్బాలో గడ్డకట్టుకుపోతుంది. ఫోన్ చేసి అడిగితే, "హార్డెనర్ కాస్త తక్కువ పడుంటుందండి" అన్నాడు.

మీరు వేయిస్తుంటే బేస్, హార్డెనర్ రెండు డబ్బాలూ మీ కళ్లముందే సీలు తీయించండి. కలిపే పాళ్లు డబ్బా మీదే ఉంటాయి, కొలిచి కలపాలి, కంటి అంచనా పనికిరాదు. రంగు పడి వారం దాటాక, కనపడని మూల థిన్నర్ గుడ్డతో గట్టిగా రుద్దండి. ఎనామిల్ అయితే మెత్తబడి గుడ్డకు అంటుతుంది. సరిగ్గా గట్టిపడిన టూ ప్యాక్ దాదాపు అంటదు. చివరి వాయిదా డబ్బులు ఈ పరీక్ష అయ్యాకే ఇవ్వండి, ఎంత మొహమాటమైనా సరే.

రంగు కంటే ముందు పని ముఖ్యం. పాత పాలిష్ మైనం, డీజిల్ జిడ్డు సాల్వెంట్‌తో తుడిచాకే ఎమరీ పట్టాలి. ముందే రుద్దితే ఆ మైనం గీతల్లోకి దిగిపోతుంది. తుడిచినచోట నీళ్లు చల్లి చూడండి: పరుచుకుంటే మంచిదే, బొట్లుబొట్లుగా నిలిస్తే జిడ్డు ఇంకా ఉన్నట్టే. సాయంత్రం మంచు దిగే వేళ స్ప్రే కొట్టనివ్వొద్దు. ఇంకోటి, టూ ప్యాక్ స్ప్రేలో ఐసోసైనేట్ అనే రసాయనం ఉంటుంది, ఊపిరితిత్తులకు ప్రమాదం. కుర్రాళ్లు మూతికి తువ్వాలు కట్టుకుని కొడుతుంటే పని ఆపించి సరైన మాస్కులు తెప్పించండి.

ఇప్పుడు మా కాంట్రాక్టరు "పైన ఇంకో కోటు ఫ్రీగా వేస్తానండి" అంటున్నాడు. మీకూ ఎవరైనా ఇలా అంటే ఒప్పుకోకండి. కింది పొర పట్టు లేకుండా ఉంటే కొత్త కోటు దానితోపాటే ఊడొస్తుంది. మొత్తం గీకించి, ప్రైమర్ నుంచి మళ్లీ మొదలుపెట్టాల్సిందే. గీకే కూలీ కూడా వాడే పెట్టుకోవాలని నేను పట్టుబట్టాను.