జీతగాడి పన్ను, కోటీశ్వరుడి పన్ను

విశాఖ గాజువాకలో నెలజీతంతో బతికే ఉద్యోగికి ఆదాయపు పన్ను తప్పించుకునే దారే లేదు. జీతం ఖాతాలో పడకముందే టీడీఎస్ పేరుతో పన్ను కోసేస్తారు. ఎక్కువ కోస్తే రిటర్ను వేసి రీఫండ్ కోసం ఎదురుచూడాలి.

బీచ్ రోడ్డులో కోట్ల వ్యాపారం చేసే ఆసామి సంగతి వేరు. తన ఆదాయం ఎంతో లెక్కగట్టి చెప్పేది ఆయనే. అధికారులు ఒప్పుకోక, ఇంకా ఇంత పన్ను కట్టాలని డిమాండ్ వేస్తే అప్పీలుకు వెళ్తాడు. 2017లో వచ్చిన ఆదేశాల ప్రకారం, మామూలుగా వివాదంలో ఉన్న మొత్తంలో 20 శాతం కడితే మొదటి అప్పీలు తేలేదాకా మిగతా వసూలు ఆగుతుంది.

ఆ హక్కు ఉద్యోగికీ ఉంది. కానీ చిన్న నోటీసుకే ఇంటిల్లిపాదికీ టెన్షన్. ఆడిటర్ ఫీజు కన్నా అడిగిన పన్నే తక్కువని, తప్పు తనది కాకపోయినా కట్టేస్తాడు. ఇది అన్యాయం. చిన్న మొత్తాల వివాదాల్లో ఆడిటర్ అవసరం లేకుండా, తెలుగులోనే జవాబిచ్చే వీలుండాలి.