వీసాకి సరిపోయిన పాలసీ ఆసుపత్రికి సరిపోలేదు

ప్రాగ్‌లో మా బావ ఆసుపత్రి బిల్లు 38,600 చెక్ కొరూనాలు అయింది. యూరోల్లో చూస్తే దాదాపు 1,540. ఆయన ట్రావెల్ ఇన్సూరెన్స్ పాలసీలో వైద్య ఖర్చులకు కవర్ 30,000 యూరోలు. అయినా క్లెయిమ్ పెడితే ఒక్క యూరో కూడా ఇవ్వమని జవాబొచ్చింది. అది ఎందుకొచ్చిందో చెప్పాలనే ఇది రాస్తున్నాను. పారిస్, వియన్నా, ప్రాగ్ ఎలా ఉన్నాయో మధ్యలో రెండు మాటలు చెప్తాను. వాటి గురించి చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు.

వెళ్లింది ఐదుగురం. నేను, మా ఆవిడ, అమ్మ, అక్క, బావ. ఈ ఐరోపా దేశాలన్నిటికీ కలిపి ఇచ్చే షెంజెన్ వీసాకి ఇన్సూరెన్స్ తప్పనిసరి, కాబట్టి తీసుకోవాలా వద్దా అన్న ప్రశ్నే రాలేదు. కనీసం 30,000 యూరోల కవర్ ఉండాలి. షెంజెన్‌లోని 29 దేశాల్లోనూ చెల్లాలి. అక్కడ ఉండే ప్రతి రోజుకీ వర్తించాలి. అత్యవసర వైద్యం, ఆసుపత్రి ఖర్చు, జబ్బు చేస్తే స్వదేశానికి చేర్చే ఖర్చు, ప్రాణం పోతే దానికి సంబంధించిన ఖర్చు అన్నీ అందులోకి రావాలి. వీసాకి కావలసింది ఇంతవరకే. దేనికి డబ్బు ఇవ్వరో రాసి ఉండే పేజీలు వీసా ఇచ్చేవాళ్లకి అక్కర్లేదు. వాటితో పని పడేది మనకే.

అక్కా బావల కాగితాలన్నీ ఒక వీసా ఏజెంటు చూశాడు. టికెట్లు, హోటల్ బుకింగులు, ఇన్సూరెన్స్ అన్నీ ఒకే కవర్లో పెట్టి చేతికిచ్చాడు. పాలసీ చవకగా వచ్చిందని బావకి సంబరం. అమ్మకి 71 ఏళ్లు, బీపీ, షుగరు ఉన్నాయి. అందుకని మా ముగ్గురికీ నేనే తీసుకున్నాను. అప్లికేషన్‌లో ఆమె జబ్బులు, వాడే మందులు అన్నీ రాశాను. దాంతో అమ్మ ప్రీమియం బావ కట్టినదానికి మూడింతలైంది. "అంత ఖర్చెందుకురా, బీపీ ఎవరికి లేదు, రాయకపోతే పోయేది" అని బావ ఎగతాళి చేశారు. ఆ తేడా ఎంతని చూస్తే వియన్నాలో మేమున్న హోటల్ గది ఒక రాత్రి అద్దె, 118 యూరోలు, కూడా లేదు.

పారిస్‌లో దిగగానే మా ఆవిడ సూట్‌కేసు రాలేదు. బెల్టు ఆగిపోయేదాకా చూసి, అక్కడి కౌంటర్‌లో పీఐఆర్ అనే ఫిర్యాదు కాగితం రాయించుకున్నాం. ఆ కాగితం లేకుండా ఎయిర్‌పోర్టు దాటి బయటికి రావద్దు. ఎయిర్‌లైన్ అడిగినా, ఇన్సూరెన్స్ కంపెనీ అడిగినా ముందు అడిగేది అదే. మర్నాడు సాయంత్రానికి సూట్‌కేసు హోటల్‌కి చేరింది. ఈలోపు ఆమె రెండు జతల బట్టలు, ఒక చార్జరు, బ్రష్షూ పేస్టూ కొంది. మొత్తం 74 యూరోల 50 సెంట్లు. పారిస్ మొదటి రోజు ఫొటోలు ఒక్కదాంట్లోనూ ఆమె నవ్వలేదు. ఓర్సే మ్యూజియం బాగుందన్న సంగతి ఇంటికొచ్చాక ఒప్పుకుంది.

నా పాలసీలో లగేజీ ఆలస్యానికి కవర్ ఉంది. కానీ 12 గంటలు దాటాలి, గరిష్ఠంగా 100 డాలర్లు, ప్రతి వస్తువుకీ బిల్లు ఉండాలి, ఎయిర్‌లైన్ ఇచ్చింది పోగా మిగిలితేనే ఇస్తారు. అందుకని ముందు ఎయిర్‌లైన్‌కే రాశాను. మాంట్రియల్ ఒప్పందం ప్రకారం అంతర్జాతీయ ప్రయాణంలో లగేజీ ఆలస్యమైతే, పోతే, పాడైతే ఎయిర్‌లైన్‌దే బాధ్యత. 2024 డిసెంబర్ 28 నుంచి దాని పరిమితి ఒక ప్రయాణికుడికి 1,519 ఎస్‌డీఆర్‌లు (అంతర్జాతీయ ద్రవ్యనిధి వాడే లెక్క యూనిట్లు), అంటే దాదాపు 2,000 డాలర్లు. పెట్టె మన చేతికొచ్చిన 21 రోజుల్లోపు రాతపూర్వకంగా అడగాలి. పాడైపోయి వస్తే గడువు 7 రోజులే. పీఐఆర్, బిల్లులు పంపితే ఎయిర్‌లైన్ మొత్తం 74.50 తిరిగి ఇచ్చింది. ఇన్సూరెన్స్ కంపెనీ దాకా వెళ్లే పనే పడలేదు.

పారిస్ నుంచి వియన్నా విమానంలో ఇంకా మంచి సంగతి జరిగింది. సాంకేతిక లోపం అన్నారు, గేటు దగ్గరే కూర్చోబెట్టారు, వియన్నాలో దిగేసరికి ఐదు గంటలు ఆలస్యం. అక్క చిరాకు అంతా ఇంతా కాదు. అమ్మ మాత్రం పక్క సీట్లోని పసిపిల్లాణ్ణి ఆడిస్తూ కూర్చుంది. పాలసీలో చూస్తే విమానం ఆలస్యానికి డబ్బు ఆరు గంటలు దాటాకే. కాబట్టి అక్కడ ఏమీ రాదు. ఐరోపా నిబంధన వేరే ఉంది. ఐరోపా యూనియన్‌లోని విమానాశ్రయం నుంచి బయల్దేరిన ఏ విమానమైనా గమ్యానికి మూడు గంటలు, అంతకు మించి ఆలస్యంగా చేరితే పరిహారం అడగొచ్చు. 1,500 కిలోమీటర్ల లోపు దూరానికి మనిషికి 250 యూరోలు. దూరం పెరిగితే 400, 600 దాకా ఉంటుంది. తుఫాను, విమాన నియంత్రణ సిబ్బంది సమ్మె లాంటివైతే ఇవ్వక్కర్లేదు. మామూలు సాంకేతిక లోపం ఆ మినహాయింపులోకి రాదు. ఎయిర్‌లైన్ సైట్‌లో ఫారం నింపాను. మొదట ఏదో వోచర్ ఇస్తామన్నారు. వద్దు, డబ్బే కావాలని రాశాను. ఐదుగురికీ కలిపి 1,250 యూరోలు వచ్చాయి.

అందుకే పాలసీ ప్రకటనల్లో మెరిసిపోయే లగేజీ, విమానం ఆలస్యం, పాస్‌పోర్టు పోవడం లాంటి వరసలు చూసి ఏది మంచిదో తేల్చుకోకండి. అవన్నీ చిన్న మొత్తాలు. ట్రిప్ క్యాన్సిలేషన్ కవర్ కూడా నాకు అంతగా నచ్చదు. జబ్బు చేయడం, ఇంట్లో దగ్గరివాళ్లు పోవడం లాంటి కొన్ని కారణాలకే అది వర్తిస్తుంది. మనసు మారింది, సెలవు దొరకలేదు అంటే సాధారణంగా ఇవ్వరు. ప్రాగ్ హోటల్‌లో క్యాన్సిల్ చేసుకోలేని గది 96 యూరోలు, రెండు రోజుల ముందుదాకా ఉచితంగా క్యాన్సిల్ చేసుకోగలిగేది 109. ఆ 13 యూరోలు పెట్టడం నాకు నయమనిపించింది. ఎవరి సంతకమూ, ఏ డాక్టరు సర్టిఫికెట్టూ అక్కర్లేదు.

వియన్నా హాయిగా గడిచింది. షోన్‌బ్రున్ ప్యాలెస్ పెద్ద తోటలో ఎంతసేపు తిరిగినా టికెట్ లేదు, లోపల ప్యాలెస్‌కి డబ్బులు. అక్కడినుంచి ప్రాగ్‌కి రైల్లో నాలుగు గంటలు. ఐదుగురూ ఎదురెదురుగా కూర్చుని వెళ్లగలిగాం కాబట్టి విమానం కంటే రైలుకే నా ఓటు.

ఊరు బయల్దేరినప్పటినుంచి అందరి కళ్లూ అమ్మ మీదే. పడింది బావ. ప్రాగ్ కోట మెట్లు దిగుతూ కళ్లు తిరుగుతున్నాయని పక్క గోడ పట్టుకోబోయి ముందుకు తూలిపోయారు. కనుబొమ్మ మీద చీరుకుని రక్తం ధారగా కారింది. 112కి ఫోన్ చేస్తే అంబులెన్స్ త్వరగానే వచ్చింది. ఆసుపత్రి కౌంటర్‌లో ఉన్న అమ్మాయి ప్లాస్టిక్ తొడుగు వేసిన ఒక కాగితం మా వైపు తిప్పింది. విదేశీయులు ముందు డిపాజిట్ కట్టాలని దానిమీద ఇంగ్లీషులో ఉంది. బావ పాలసీలో ఉన్న నంబర్‌కి అక్క ఫోన్ చేస్తే చాలాసేపు సంగీతమే వినిపించింది. చివరికి ఒకతను ఎత్తి, మీరు కట్టేయండి, వెళ్లాక క్లెయిమ్ పెట్టుకోండి అన్నాడు. నా కార్డు గీశాను.

కుట్లు వేశారు, తలకి సీటీ స్కాన్ తీశారు, ఈసీజీ, రక్త పరీక్షలు చేశారు. బీపీ 190 ఉందని రాత్రంతా అక్కడే ఉంచారు. డాక్టరు చాలా మర్యాదస్థుడు. ఎప్పటినుంచి బీపీ, ఏం మందులు అని అడిగాడు. ఆరేళ్ల నుంచి అని బావ నిజం చెప్పారు. డాక్టరు అదే డిశ్చార్జ్ కాగితంలో రాశాడు.

క్లెయిమ్‌తో ఆ కాగితం వెళ్లింది. ఇన్సూరెన్స్ కంపెనీ అప్లికేషన్ తీసి చూసింది. "ఇంతకుముందు నుంచి ఏవైనా వ్యాధులు ఉన్నాయా" అన్న ప్రశ్న దగ్గర "లేవు" అని టిక్కు ఉంది. బావ ఆ ఫారం ఎప్పుడూ చూడలేదు. ఏజెంటే నింపి, ఫోన్‌కొచ్చిన ఓటీపీ అడిగి పంపేశాడు. ఉన్న జబ్బు దాచారు కాబట్టి క్లెయిమ్ చెల్లదని మెయిల్ వచ్చింది. ఏజెంటుని అడిగితే "అందరికీ అలాగే పెడతాం సార్, లేకపోతే ప్రీమియం పెరుగుతుంది, మీరే తిడతారు" అన్నాడు. వాడి మీద నాకింకా కోపం తగ్గలేదు. వీసా వచ్చేదాకానే వాడి బాధ్యత, ఆ తర్వాత మన తలరాత.

అమ్మ పాలసీ కూడా అన్ని జబ్బులకీ డబ్బిచ్చేది కాదు. ఉన్న జబ్బు వల్ల ప్రాణం మీదికొస్తే అత్యవసర చికిత్సకి ఒక పరిమితి దాకా ఇస్తామని అందులో ఉంది. ఆ మొత్తం అసలు కవర్ కంటే బాగా తక్కువ. అది ఎంతో ముందే చూసుకోవాలి. పెద్దవాళ్ల పాలసీల్లో ఇంకో మెలిక ఉంటుంది. పైన 50,000 డాలర్లు అని పెద్ద అక్షరాల్లో వేసి, లోపల గది అద్దెకి రోజుకి ఇంత, ఐసీయూకి ఇంత, ఆపరేషన్‌కి ఇంత అని విడివిడిగా గీతలు గీస్తారు. ఆ గీతలు లేని పాలసీ దొరికితే, కాస్త ఎక్కువైనా అదే తీసుకోండి. ప్రతి క్లెయిమ్‌లోనూ మన వాటా కింద కోసుకునే డిడక్టిబుల్ నా పాలసీలో 100 డాలర్లు. అది ఉన్నా పర్వాలేదు. చిన్న జ్వరం మాత్రలకి ఎవరూ క్లెయిమ్ పెట్టరు, పెద్ద బిల్లులో 100 డాలర్లు లెక్కలోకి రావు. అమెరికా లాంటి చోటికైతే మాత్రం 30,000 యూరోల కవర్ ఏ మూలకీ రాదు. నేనైతే రెండున్నర లక్షల డాలర్లకి తక్కువ తీసుకోను.

ఇంకోటి, కొనేముందు ఆ సహాయ నంబర్‌కి ఒకసారి ఫోన్ చేసి చూడండి. ఆసుపత్రికి మీరే నేరుగా కడతారా, ఎన్ని గంటల్లోపు చెప్పాలి అని అడగండి. నేను రాత్రి పదకొండింటికి చేశాను, రెండు నిమిషాల్లో మనిషి మాట్లాడాడు. ఆ కంపెనీ ఎంచుకోవడానికి అదే పెద్ద కారణం. వీసా అపాయింట్‌మెంట్ తేదీ దగ్గరికొచ్చాక హడావిడిగా కొంటే ఇవేవీ చూడలేం. అప్పుడు ఏజెంటు ఇచ్చిన కాగితమే గతి.

మద్యం తాగి పడితే ఇవ్వరన్న మాట కూడా చాలా పాలసీల్లో ఉంటుంది. ప్రాగ్ వెళ్లేవాళ్లు ఆ వాక్యం వెతికి చదువుకోవడం మంచిది. బావ ఆరోజు కాఫీ తప్ప ఏమీ తాగలేదు, రక్త పరీక్షలోనూ అదే ఉంది, కాబట్టి ఆ వంక పెట్టే వీలు వాళ్లకి లేకపోయింది.

నేను రెండో ఉత్తరం రాశాను. కళ్లు తిరగడం బీపీ వల్లే అని డిశ్చార్జ్ కాగితంలో ఎక్కడా లేదు, మెట్ల మీద పడి తగిలిన దెబ్బ ప్రమాదం కిందికే వస్తుంది, కుట్లకీ స్కాన్‌కీ అయిన ఖర్చు విడిగా చూడండి అని అడిగాను. బిల్లు వస్తువారీగా ఉండటం కలిసొచ్చింది. అలా విడమరిచి ఇవ్వమని కౌంటర్‌లో అడిగి తీసుకున్నది అక్కే. కుట్లు, స్కాన్, అంబులెన్స్ వరకు ఒప్పుకుని, డిడక్టిబుల్ తీసేసి 610 యూరోలు ఇచ్చారు. ఆ రాత్రి గది, ఈసీజీ, మిగతా పరీక్షలు బావ ఖాతాలోనే పడ్డాయి. విమానం ఆలస్యానికి వచ్చిన డబ్బులో అక్కా బావల వాటా 500 యూరోలు ఉంది కాబట్టి నా కార్డు బాకీ కొంత దానితో తీరింది. మిగిలింది బావ ఇస్తానంటున్నారు. ఏజెంటు దగ్గర వసూలు చేసి మరీ ఇస్తానని అక్క పట్టు. వారానికోసారి వాడికి ఫోన్ చేస్తూనే ఉంది.