ఇన్‌స్టాలో చేతిపనులు అమ్మడం నేర్పే కోర్సు: 2,499 రూపాయలకి ఏమొచ్చిందంటే

ముందే తేల్చి చెప్పేస్తాను. ఈ కోర్సులో రెండు పాఠాలు చాలా బాగున్నాయి. ఒకటి మాత్రం మనల్ని ముంచే పాఠం. మిగతావి యూట్యూబ్‌లో ఊరికే దొరుకుతాయి. ఫీజు 2,499. చెప్పేది తెలుగులోనే. రికార్డు చేసిన పాఠాలు, ఆదివారం సాయంత్రం జూమ్‌లో ప్రశ్నలు జవాబులు, ఒక వాట్సాప్ గ్రూపు. పేరు రాయడం లేదు. మా పిన్ని కూతురు హైదరాబాద్‌లో వేరే కోర్సు తీసుకుంది, దాంట్లోనూ ఇంచుమించు ఇదే సరుకు. కాబట్టి నేను రాసేది మీరు చూస్తున్న కోర్సుకీ పనికొస్తుంది.

మాది నరసాపురం పక్కన పల్లె. మా వదినా నేనూ లేసు అల్లికలు అమ్ముతాం. టేబుల్ మ్యాట్లు, కుషన్ కవర్లు, జాకెట్టు మెడకి వేసే లేసు, చంటిపిల్లల ఫ్రాకులు. 1844 ప్రాంతంలో స్కాట్లండ్ నుంచి వచ్చిన మిషనరీ దంపతులు ఇక్కడి ఆడవాళ్ళకి ఈ పని నేర్పారని చెప్తారు. అప్పట్నుంచీ మా వైపు వీధి అరుగుల మీద కూర్చుని అల్లుతూనే ఉన్నాం. అమ్మింది మాత్రం ఎప్పుడూ వేరేవాళ్ళే. ఏజెంటు దారం ఇచ్చి వెళ్తాడు, అల్లింది పట్టుకుపోతాడు, ఎక్స్‌పోర్టరు విదేశాలకి పంపుతాడు. ఆ వస్తువు ఎవరింటికి వెళ్ళిందో, ఎంతకి అమ్ముడుపోయిందో అల్లినావిడకి తెలీదు. ఫోన్ చేతికొచ్చాక ఆ మధ్యవాళ్ళు లేకుండా అమ్మొచ్చు కదా అన్నది మా వదిన ఆలోచన. ఈ కోర్సు కట్టించింది కూడా ఆవిడే.

బాగున్న పాఠాల్లో మొదటిది ఫొటోలది. ఫోన్ పట్టుకునే తీరు, కిటికీ పక్క వెలుతురు, ఫ్లాష్ ఎందుకు వాడకూడదు, ఇవన్నీ ఓపిగ్గా చెప్పారు. తెల్లటి వస్తువు తీసేటప్పుడు ఫోన్ కెమెరా తనంతట తానే వెలుగు తగ్గించేస్తుంది, అందుకే తెలుపు బూడిద రంగులోకి దిగిపోతుంది, తెర మీద వస్తువును నొక్కి పక్కన వచ్చే సూర్యుడి బొమ్మని కాస్త పైకి జరపండి అన్నారు. ఇంతకాలం మా లేసు ఉతకని గుడ్డలా కనపడింది ఇందుకా అని వదిన తల పట్టుకుంది. ఒక్కటే తేడా. పాఠాలు చెప్పే మేడమ్ అందరికీ తెల్ల థర్మోకోల్ షీటే వెనక పెట్టుకోమన్నారు. మట్టి గాజులకీ చెక్క బొమ్మలకీ అది సరిపోతుంది. తెల్ల లేసుని తెల్ల షీటు మీద పెడితే కంతలే కనపడవు, మరి లేసంటేనే కంతలు కదా. మేం ముదురు మెరూన్ జాకెట్టు ముక్క పరిచి, పొద్దున్నే గుమ్మం దగ్గర పక్కనుంచి వెలుతురు పడేలా తీస్తాం. పక్కన ఒక చెయ్యి కనపడాలి, లేకపోతే సైజు ఎంతో ఎవరికీ అర్థం కాదు. అంగుళాలు రాసినా అడుగుతారు.

రెండోది వాట్సాప్ బిజినెస్ పాఠం. నా మటుకు ఫీజులో సగం దీనికే చెల్లిపోయింది. మామూలు వాట్సాప్‌తో నెట్టుకొస్తున్న వాళ్ళు ఇది ఒక్కటైనా నేర్చుకోండి, యాప్ ఉచితమే. కేటలాగ్‌లో 500 వస్తువుల దాకా ఫొటో, ధర, కొలతలతో పెట్టుకోవచ్చు. అడిగిన ప్రతివాళ్ళకీ గ్యాలరీ వెతికి ఫొటోలు పంపే పని తప్పుతుంది. పదేపదే వచ్చే ప్రశ్నలకి జవాబు ముందే రాసి దాచుకుని, స్లాష్ గుర్తు కొట్టి పిలవొచ్చు. 'ఎలా ఉతకాలి' అన్నదానికి మాది ఇలా ఉంటుంది: చల్లటి నీళ్ళు, మెత్తటి సబ్బు, పిండకండి, నీడలో పరిచి ఆరేయండి. ఇక లేబుళ్ళు. 'డబ్బు రావాలి', 'అల్లుతున్నాం', 'పోస్టు చేశాం' అని మూడు పెట్టుకున్నాం. ఎవరిది ఎక్కడ ఆగిందో వదిన ఫోన్ తెరవగానే చెప్పేస్తుంది. అంతకుముందు గోడ క్యాలెండరు మీద రాసేవాళ్ళం.

ఈ పాఠంలో చెప్పకుండా వదిలేసిన ముఖ్యమైన సంగతి ఒకటుంది. బ్రాడ్‌కాస్ట్ లిస్టులో 256 మందిని చేర్చి కొత్త సరుకు ఫొటోలు పంపండి అన్నారు. కానీ మన నంబరు తమ ఫోన్‌లో సేవ్ చేసుకున్న వాళ్ళకే ఆ మెసేజ్ చేరుతుంది. మిగతావాళ్ళకి వెళ్ళనే వెళ్ళదు. ఆదివారం క్లాసులో ఎవరో అడిగితే గానీ ఆ మాట బయటికి రాలేదు. అప్పట్నుంచి పార్శిల్‌లో 'ఈ నంబరు సేవ్ చేసుకోండమ్మా' అని ఒక చీటీ వేస్తున్నాం.

రీల్స్ మీద చాలా గంటలు పెట్టారు. 2020 జూన్ చివర్లో టిక్‌టాక్‌ని మన దేశంలో నిషేధించాక కొద్ది రోజులకే ఇన్‌స్టాగ్రామ్ ఇక్కడ రీల్స్ మొదలుపెట్టింది, అక్కణ్ణుంచి వీడియో లేకుండా కొత్త మొహాలు పేజీకి రావడం కష్టమే, అంతవరకు నిజం. అయితే ట్రెండింగ్ పాట వేయండి, మొదటి మూడు సెకన్లలో ఏదో ఒకటి చేసి చూసేవాళ్ళని ఆపండి, మొహం చూపించి నవ్వండి, ముప్పై హ్యాష్‌ట్యాగులు పెట్టండి అన్నారు. హ్యాష్‌ట్యాగులతో రీచ్, అంటే చూసేవాళ్ళ సంఖ్య, పెద్దగా పెరగదని ఇన్‌స్టాగ్రామ్ అధిపతి ఆడమ్ మొస్సేరీయే చెప్పాడు. ఇక పాటకి తలూపడం మా వదినకి చేతకాదు, నాకు ఇష్టం లేదు.

మాకు జనాన్ని తెచ్చింది వేరే రీలు. అందులో మొహాలు లేవు, పాట లేదు. విడివిడిగా అల్లిన పువ్వులని ఒకదానికొకటి కలిపే అతుకుపని, దగ్గర్నుంచి, వదిన వేళ్ళు, కొక్కెం, ఫ్యాను చప్పుడు. ఇది ఎందుకు ఆడిందో కోర్సులో ఎక్కడా లేదు గానీ, ఆలోచిస్తే తెలుస్తూనే ఉంది. చైనా నుంచి వచ్చే మిషను లేసు మా లేసు ధరలో నాలుగో వంతుకి దొరుకుతుంది. ఫొటోలో రెండూ ఒకటే. మేం చేసేలాంటి అసలైన క్రోషే, అంటే కొక్కెంతో చేసే అల్లిక, చెయ్యగల మిషను మాత్రం ఇంతవరకు వాడకంలోకి రాలేదు, అది చెయ్యి తిరిగితేనే వచ్చేది. మిషనుది చూడ్డానికి అలా ఉంటుంది, అంతే. కొనేవాళ్ళకి ఆ తేడా కనపడేది వీడియోలోనే. కాబట్టి ఇత్తడి పని వాళ్ళయినా, కలంకారీ వాళ్ళయినా, మీ చేతుల్లో మిషను చెయ్యలేని ఘట్టం ఏదో దాన్నే తియ్యండి. తయారైన వస్తువుని గిర్రున తిప్పి చూపించే రీళ్ళు కోటి ఉన్నాయి.

ఇప్పుడు ముంచే పాఠం దగ్గరికి వద్దాం. ధర పెట్టడం. మేడమ్ సూత్రం: ముడిసరుకు ఖర్చు ఇంటూ మూడు. కేకులకో క్యాండిళ్ళకో సరిపోతుందేమో. పన్నెండు అంగుళాల టేబుల్ మ్యాటుకి దారం డెబ్భై రూపాయలు. ఇంటూ మూడంటే 210. అందులోంచి దారం, కవరు తీసేస్తే ఒక రోజంతా అల్లినదానికి 130 మిగులుతుంది. అదే రోజు వరి నాట్లకి వెళ్తే దానికి రెట్టింపు పైనే వస్తుంది, మధ్యాహ్నానికి ఇంటికి కూడా వచ్చేయొచ్చు. ఏజెంటు లెక్క కూడా ఇదే కదండీ. ఇచ్చిన దారాన్ని బట్టి డబ్బు, గంటలకి విలువ లేదు. ఆ లెక్క తప్పించుకోవడానికి ఇన్‌స్టాకి వస్తే, ఇక్కడ ఫీజు కట్టించుకుని మరీ దాన్నే నేర్పుతున్నారు. ఆదివారం క్లాసులో నేను ఈ మాట అడిగాను. 'మార్కెట్ ఒప్పుకోదండీ' అన్నారు మేడమ్. ఏ మార్కెట్టు? మిషను లేసు కొనే మార్కెట్టు ఒప్పుకోదు, నిజమే. వాళ్ళు మా దగ్గరికి రారు, రానక్కర్లేదు.

మేం గంటలు లెక్కేస్తాం. ఊళ్ళో ఆడకూలి ఎంతో చూసి, గంటకి ఇంత అని, దానికి దారం, పోస్టు ఖర్చు, చెయ్యి తప్పి విప్పేసేదానికి కొంచెం కలుపుతాం. ఆ మ్యాటు 480కి అమ్ముతున్నాం. అడిగి వెళ్ళిపోయేవాళ్ళు ఎక్కువే. కొన్నవాళ్ళు మళ్ళీ వస్తున్నారు, మాకు రెండు జతల చేతులే ఉన్నాయి, ఇంకెంతమంది కావాలి?

అదే పాఠంలో ఇంకో సలహా: ధర రాయకండి, 'ప్రైస్ కోసం డీఎం (విడిగా మెసేజ్) చెయ్యండి' అని పెట్టండి, కామెంట్లు పెరుగుతాయి. పెరుగుతాయి, ఒప్పుకుంటాను. ఆ కామెంట్లకి జవాబు రాసేది మాత్రం అల్లే చేతులే. మేం ధర ఫొటో మీదే రాస్తాం.

కోర్సు మొత్తం జనాన్ని ఎలా రప్పించాలో చెప్పేదే. వచ్చిన జనాన్ని ఎలా ఆగమనాలో ఒక్క ముక్క లేదు. పెళ్ళి రిటర్న్ గిఫ్టులకి రెండొందలు కావాలి, పదిహేను రోజుల్లో ఇవ్వాలి అంటారు. చేత్తో చేసే వాళ్ళందరికీ వచ్చే ఇబ్బందే ఇది. మేం నెలకి ఇన్ని అని పెట్టుకుని, నిండగానే 'ఈ నెల బుకింగులు అయిపోయాయి' అని స్టోరీ పెడతాం. సగం డబ్బు ముందు తీసుకుంటాం. ఈ పద్ధతి చెప్పింది మేడమ్ కాదు, గ్రూపులో ఉన్న ఏటికొప్పాక లక్కబొమ్మలు అమ్మే ఒకావిడ. నిజానికి ఆ గ్రూపే కోర్సు కంటే మేలు.

డబ్బు మోసాల గురించి ఏమీ చెప్పకపోవడం నాకు అస్సలు నచ్చలేదు. కొత్తగా ఆన్‌లైన్లో అమ్మే ఆడవాళ్ళని వెతుక్కుని వచ్చేవాళ్ళున్నారు. మిలిటరీ ఆఫీసర్నని చెప్పి పెద్ద ఆర్డరిస్తారు, డబ్బు పంపడానికి క్యూఆర్ కోడ్ పంపి స్కాన్ చేసి పిన్ కొట్టమంటారు. యూపీఐలో డబ్బు రావడానికి పిన్ అక్కర్లేదు, పిన్ కొడితే మన ఖాతాలోంచే పోతుంది. ఇంకొకటి దొంగ స్క్రీన్‌షాట్. మా గ్రూపులో ఒకమ్మాయి స్క్రీన్‌షాట్ చూసి చీర పంపేసి పోగొట్టుకుంది. బ్యాంకు యాప్‌లో డబ్బు కనపడ్డాకే పార్శిల్ కట్టండి. ఈ రెండు ముక్కలు చెప్పడానికి పది నిమిషాలు చాలు.

చట్టం సంగతుల దగ్గర కోర్సు మరీ తేలిపోయింది. మేడమ్ మా పేజీ చూసి 'నరసాపురం లేసుకి జీఐ ట్యాగ్ ఉంది కదా, బయోలో జీఐ లోగో పెట్టేయండి' అన్నారు. జీఐ ట్యాగంటే ఈ సరుకు ఫలానా ఊరిదే అని ప్రభుత్వం ఇచ్చే గుర్తింపు. అది 2024లో వచ్చిన మాట నిజం. కానీ దాన్ని వాడుకునే హక్కు ఆథరైజ్డ్ యూజర్‌గా (వాడుకోవడానికి అనుమతి ఉన్నవాళ్ళుగా) పేరు నమోదు చేయించుకున్న వాళ్ళకే. 2020లో ఆ ఫీజు పది రూపాయలకి తగ్గించారు, కాబట్టి డబ్బు సమస్య కాదు, కాగితాల సమస్య. ఆ దారి చెప్పి ఉంటే ఎంత బాగుండేది. అలాగే కేంద్రం హస్తకళల విభాగం చేతిపనుల వాళ్ళకి గుర్తింపుగా ఇచ్చే పహచాన్ కార్డు, కమీషన్ లేకుండా అమ్ముకోమని జౌళి శాఖ 2023లో తెచ్చిన ఇండియా హ్యాండ్‌మేడ్ పోర్టల్, వీటి ఊసే లేదు. జీఎస్టీ గురించి 'మీ సీఏని అడగండి' అని ఒక స్లైడు. లేసు అల్లుకునే మాకు సీఏ ఎక్కణ్ణుంచి వస్తాడు?

బోనస్ పాఠం 'అమెరికాకి అమ్మండి' అని. డల్లాస్, న్యూజెర్సీల్లో ఉన్న మన తెలుగువాళ్ళు బారసాలకి ఫ్రాకులు అడుగుతూనే ఉంటారు కాబట్టి ఆశగా చూశాను. 800 డాలర్ల లోపు పార్శిల్‌కి అక్కడ సుంకం ఉండదని చెప్తోంది ఆ వీడియో. ఆ మినహాయింపు 2025 ఆగస్టు 29న పోయింది. మన పోస్టాఫీసు కూడా అప్పుడు కొన్నాళ్ళు అమెరికా పార్శిళ్ళు ఆపేసి, అక్టోబరులో మళ్ళీ మొదలుపెట్టింది. ఇప్పుడు సుంకం ఇక్కడే ముందుగా కట్టాలి. పాత వీడియో అలాగే ఉంచి 'బోనస్' అని పేరు పెట్టడం ఏం బాగోలేదు. నేను గ్రూపులో రాశాను, 'నోటెడ్' అన్నారు, వీడియో మాత్రం మారలేదు.

ఇన్ని చెప్పినా, మేడమ్ ఓపిక గల మనిషి. ఎంత చిన్న ప్రశ్నకైనా విసుక్కోరు, 'ఫోన్ తలకిందులుగా పట్టుకున్నారు ఆంటీ' అని కూడా నవ్వకుండా చెప్పారు. రికార్డింగులు ఏడాది పాటు తెరుచుకుంటాయి. డబ్బు వాపసు వారం లోపే, అదీ మూడు పాఠాల కంటే ఎక్కువ చూడకపోతేనే. ధర పాఠం అయిదోది, కాబట్టి అది చూసి వెనక్కి అడగడానికి కుదరదు.

ఇప్పటికే పేజీ నడుపుతూ, కొద్దో గొప్పో అమ్ముతున్న వాళ్ళకి ఇది అక్కర్లేదు. ఇప్పుడే ఫోన్ పట్టుకున్న వాళ్ళకి, పక్కన చెప్పే పిల్లలు లేని వాళ్ళకి, ఫొటో పాఠం, వాట్సాప్ పాఠం, ఆ గ్రూపు కోసం పనికొస్తుంది. పండగలప్పుడు 999కి ఇస్తున్నారట. తీసుకుంటే అప్పుడు తీసుకోండి, అయిదో పాఠం మాత్రం చూడకండి.