బొగత దాకా కరెంటు కారు, ఎర్త్ లేని లాడ్జి

హనుమకొండలో బయలుదేరి రామప్ప, లక్నవరం, బొగత జలపాతం, మేడారం చూసుకుని రెండు రోజుల్లో 340 కిలోమీటర్లు తిరిగొచ్చాం. కారు బ్యాటరీ 40 యూనిట్లది. దారిలో ఒక్క ఫాస్ట్ ఛార్జర్ కూడా వాడలేదు, బండి ఎక్కడా ఆగలేదు. అయినా ఇంత కోపంగా రాయడానికి కారణం ఒక లాడ్జి. "కారు ఛార్జింగ్ ఉన్నది, రాండ్రి" అని ఫోన్లో చెప్పి, దిగగానే 500 ముందే కట్టించుకుని, చివరికి ప్రాణం మీదికి తెచ్చే పని చేయబోయారు. వానాకాలం రాగానే బొగతకు కరెంటు కార్లు వరస కడతాయి. వెళ్లేవాళ్లు ఇది చదివి వెళ్లాలి.

ముందు లెక్క. ములుగు దారిలో 75, 80 స్పీడులో, ఏసీ వేసుకుని నలుగురు కూర్చుంటే యూనిట్‌కు ఆరున్నర నుంచి ఏడు కిలోమీటర్లు వస్తాయి. 100 దాటిస్తే ఐదున్నరకు పడిపోతుంది. స్పీడు కొంచెం పెంచినా గాలి ఎదురుతోపు అంతకు మించి పెరుగుతుంది, అందుకే. ఆ లెక్కన 340 కిలోమీటర్లకు 50 యూనిట్ల పైనే కావాలి. బ్యాటరీలో 40 ఉన్నా అడుగు 15 శాతం ముట్టుకోవద్దు, కాబట్టి చేతికొచ్చేవి 34. మిగతా 16, 18 యూనిట్లు దారిలో ఎక్కించుకోవాలి. దానికి పదిహేను యాంపుల సాకెట్ ఒకటి, మంచి ఎర్త్, రాత్రిపూట ఏడు గంటల టైము చాలు. కారుతో ఇచ్చే పోర్టబుల్ ఛార్జర్ గంటకు సుమారు మూడు యూనిట్లు గుంజుతుంది. అందులో పదో వంతు పైనే వేడి కింద పోతుంది, మిగిలింది బ్యాటరీకి చేరుతుంది.

ఆ 15 శాతం విషయంలో మొండిగా ఉండండి. తాడ్వాయి అడవిలో చాలా చోట్ల సిగ్నల్ అందదు. ఛార్జింగ్ అయిపోయి ఆగితే తాడు కట్టి లాక్కెళ్లే బండి కూడా కాదిది. మోటారు తిప్పే చక్రాలు నేల మీద దొర్లితే లోపల కరెంటు పుట్టి కంట్రోలర్ దెబ్బతింటుంది. నాలుగు చక్రాలూ పైకెక్కించుకునే ఫ్లాట్‌బెడ్ లారీ వరంగల్ నుంచి రావాలి.

మొదటి రోజు హాయిగా గడిచింది. వంద శాతంతో బయలుదేరితే, జంగాలపల్లి దగ్గర మళ్లి రామప్ప చేరేసరికి 75 ఉంది. 1213 నాటి గుడి. 2021లో యునెస్కో గుర్తింపు వచ్చాక జనం పెరిగారు. ఎంత రద్దీ ఉన్నా ఎత్తు మడమల చెప్పులు తొడుక్కున్న ఆ నల్లరాతి మదనిక ముందు కాసేపు నిలబడండి. లక్నవరంలో వేలాడే వంతెన, చెరువు గాలి. మా బామ్మర్ది బోటు కావాలని పట్టుబట్టి ఎక్కాడు. అక్కడి నుంచి పస్రా, తాడ్వాయి మీదుగా అడవి దారిలో 50, 60లో నిదానంగా వెళ్తే యూనిట్‌కు ఏడున్నర దాకా వచ్చింది. రాత్రి దిగిన ఊరికి చేరేటప్పటికి 47 శాతం. అక్కడి నుంచి బొగత పోయిరావడానికి 20 శాతం, ఇంటికి 40 శాతం. ఎక్కించుకోకపోతే ఇల్లు చేరం.

ఇక లాడ్జి. రూము 1,400, కారు ఛార్జింగ్ 500, రెండూ ముందే. ఛార్జింగ్ అంటే ఏమిటో తర్వాత తెలిసింది. మొదటి అంతస్తు కిటికీలోంచి ఎక్స్‌టెన్షన్ బోర్డు ఒకటి వేలాడదీశారు. దాని ప్లగ్గు ఐదు యాంపులది, వైరు టీవీకి వాడేంత సన్నం. ఆ వైరు మీద 13, 14 యాంపులు ఏడు గంటలు పారితే ముందు ప్లగ్గు కరుగుతుంది, తర్వాత గోడలో వైరు. అది పక్కన పెట్టించి కింద వరండాలో ఉన్న పదిహేను యాంపుల సాకెట్‌లో పెడితే పోర్టబుల్ ఛార్జర్ మీద ఎర్ర లైటు వెలిగింది. ఎర్త్ లేదని దాని అర్థం. మన దగ్గర మూడు లైట్ల సాకెట్ టెస్టర్ 300 రూపాయలకు దొరుకుతుంది, దాంతో చూసినా అదే తేలింది. సాకెట్‌కు పైన పెద్ద బొక్క ఉంది, వెనక తీగ లేదు.

అప్పుడు అక్కడి కుర్రాడు స్క్రూడ్రైవర్ పట్టుకొచ్చాడు. "ఏమైతది సార్, న్యూట్రల్ల కెల్లి ఒక తీగ ఎర్తుకు గుంజితే లైటు పచ్చగైతది" అని సాకెట్ విప్పబోయాడు. మేనేజరు కూడా "అందరికీ గట్లనే చేస్తం" అన్నాడు.

అలా చేస్తే లైటు పచ్చబడటం నిజమే. ఛార్జింగ్ కూడా ఎక్కుతుంది. కానీ ఎర్త్ తీగ కారు బాడీకి కలిసి ఉంటుంది. ఎర్త్‌ను న్యూట్రల్‌కు ముడేశాక, స్తంభం దగ్గరో మీటరు దగ్గరో న్యూట్రల్ తెగితే, ఊడితే, కారు బాడీ మొత్తం 230 వోల్టులు ఎక్కి కూర్చుంటుంది. పల్లె లైన్లలో, అందునా వానాకాలం గాలులకు, న్యూట్రల్ ఊడటం అరుదేం కాదు. పొద్దున్నే తడి నేల మీద చెప్పులు లేకుండా వెళ్లి డోర్ హ్యాండిల్ పట్టుకున్న మనిషి గతి ఏమిటి? ఛార్జర్ ఆ ఎర్ర లైటు చూపించేది ఈ చావును ఆపడానికే. దాన్ని మోసం చేసే సేవకు 500 తీసుకుంటున్నారు. వద్దన్నాను. 500 వాపసు అడిగితే "రిజిస్టర్ల రాసినం సార్" అన్నారు, ఇవ్వలేదు. మా ఆవిడ అప్పటికే మెట్ల మీద బ్యాగు పెట్టుకుని కూర్చుంది, మాట్లాడటం మానేసింది.

లాడ్జి బుక్ చేసేటప్పుడు 'ఛార్జింగ్ ఉందా' అని అడగకండి. ఉందనే అంటారు, సెల్‌ఫోన్‌కనుకుని కూడా అంటారు. కింది అంతస్తులో ఏసీ రూము ఉందా, కిటికీ పక్కన కారు ఆగుతుందా అని అడగండి. ఏసీ పాయింటుకు నాలుగు ఎంఎం వైరు, విడిగా ఎంసీబీ (లోడు ఎక్కువైతే దానంతటదే పడిపోయే స్విచ్చు), చాలాసార్లు ఎర్త్ కూడా ఉంటాయి. ఆ పాయింటు ఫొటో వాట్సాప్‌లో పంపమనండి, ఎందుకంటే పాత లాడ్జిల్లో ఏసీకి ఇనుప పెట్టె ప్లగ్గు ఉంటుంది, దాంట్లో మన మూడు పిన్నులు పట్టవు. మామూలు పదిహేను, పదహారు యాంపుల సాకెట్ అయితే ఏసీ తీసేసి కారు పెట్టుకుని ఫ్యాన్ కింద పడుకోవచ్చు. స్టెబిలైజర్‌లోంచి మాత్రం పెట్టొద్దు, నేరుగా గోడకే. బాత్రూం గీజర్ పాయింటు జోలికి పోవద్దు, తడి. కరెంటు పోయి జనరేటర్ మీద నడిచేటప్పుడు ఛార్జర్ మళ్లీ ఎర్రబడితే కంగారు పడకండి. చాలా జనరేటర్లకు న్యూట్రల్ నేలకు కలపరు, అందుకే ఎర్త్ దొరకలేదంటుంది.

ఛార్జింగ్ మొదలైన అరగంటకు ప్లగ్గును చేత్తో పట్టుకు చూడండి. గోరువెచ్చగా ఉంటే సరే. పట్టుకోలేనంత వేడెక్కితే సాకెట్ లోపలి పట్టు వదులైనట్టు. యాంపులు తగ్గించే వీలున్న ఛార్జరైతే 10కి దించండి, టైము ఎక్కువ పడుతుంది కానీ గోడ కాలదు. తగ్గించే వీల్లేకపోతే తీసేయండి. ఛార్జర్ పెట్టె బరువు సాకెట్ మీద వేలాడకుండా కింద కుర్చీ వేయండి. వైరు చుట్టలా వదిలేస్తే మధ్యలో వేడి నిలుస్తుంది, మొత్తం విప్పి పరచండి. కరెంటు పోయి వస్తే కొన్ని కార్లు వాటంతట అవే మళ్లీ ఛార్జింగ్ మొదలుపెట్టవు. నడిరాత్రి ఒకసారి లేచి చూసుకోవాల్సిందే.

మా రాత్రి గట్టెక్కించింది అదే ఊళ్లో పిండిగిర్ని. గిర్ని ఎందుకంటే, దానికి త్రీఫేజ్ మీటరు, లావు వైరు ఉంటాయి. మోటారు ఇనుప బాడీని రోజంతా ముట్టుకుంటూ పనిచేస్తారు కాబట్టి ఎర్త్ గుంత సరిగ్గా తీయించి పెట్టుకుంటారు. వెల్డింగ్ షాపు, రైస్ మిల్లు కూడా ఇదే లెక్క. షట్టరు దించబోతున్న గిర్ని ఆయనను "అన్నా, రాత్రికి ఒక సాకెట్ కావాలె" అని అడిగితే ముందు ఎర్త్ గుంత చూపించాడు. గోడ పక్కన సిమెంటు మూత, కింద ఇనుప పైపు, చుట్టూ ఉప్పూ బొగ్గూ వేసి పెట్టింది. "ఎండకాలం ఇండ్ల రోజు బిందెడు నీళ్లు పోస్త" అన్నాడు. టెస్టర్‌లో లైట్లు సరిగ్గా వెలిగాయి, వోల్టేజీ 222. మీటరు రీడింగ్ ఇద్దరం ఫోన్లలో ఫొటో తీసుకున్నాం. రాత్రి తొమ్మిది నలభైకి పెడితే పొద్దున నాలుగూ యాభైకి 21 యూనిట్లు తిరిగింది. యూనిట్‌కు 11 లెక్కన 231 రూపాయలు. 300 ఇస్తే 69 చిల్లర లెక్కపెట్టి చేతిలో పెట్టాడు. కారులో 93 శాతం. పైగా తపేలాలోంచి అప్పుడే తీసిన సర్వపిండి, అంచు కరకరలాడుతూ, నువ్వులు మాడకుండా వేగి. మా ఆవిడ ముఖంలో నవ్వు అక్కడే వచ్చింది.

హనుమకొండలో ఫాస్ట్ ఛార్జర్ దగ్గర నేను కట్టేది యూనిట్‌కు 21, మీద 18 శాతం జీఎస్టీ, అంటే 24 రూపాయల 78 పైసలు. గిర్ని దగ్గర దాంట్లో సగం కూడా పడలేదు.

బొగతకు ముల్లకట్ట వంతెన మీదుగా గోదావరి దాటి వెళ్లాలి. పొద్దున ఏడింటికే చేరితే పార్కింగు సులువు. ముందు రోజు భారీ వాన పడితే లోపలికి వదలకపోవచ్చు, ఫోన్ చేసి కనుక్కుని వెళ్లండి. వాగుల దగ్గర ధైర్యం వద్దు. ఐపీ67 బ్యాటరీ అంటే మీటరు లోతు నిలవ నీటిలో అరగంట తట్టుకుంటుందని అర్థం, పారే వాగులో కారు కొట్టుకుపోదని కాదు. 2023 జులైలో ఇదే ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో దాదాపు 65 సెంటీమీటర్లు పడింది. వాగు రోడ్డు మీద పారుతుంటే వెనక్కి తిప్పడమే.

తిరుగుదారిలో తాడ్వాయి నుంచి మేడారం వెళ్లి అమ్మవార్ల గద్దెలకు మొక్కి, ఇంటికి చేరేసరికి 23 శాతం. ఇంటి దగ్గర ఎక్కించుకున్నదానికి 405, గిర్నికి 231, మొత్తం 636. పెట్రోలు కారైతే 2,400 దాటేది. లాడ్జికి వదిలేసిన 500 దీంట్లో కలపలేదు.

కరీంనగర్, మంచిర్యాల వైపు వెళ్లి ఫాస్ట్ ఛార్జర్ మీద ఆధారపడాల్సి వస్తే ఒక మాట. మ్యాప్‌లో పచ్చగా కనిపించినంత మాత్రాన నమ్మొద్దు, మెషీన్ మీది నంబరుకు బయలుదేరే ముందే ఫోన్ చేయండి. చచ్చినట్టున్న మెషీన్‌కు పక్కన ఎర్ర పుట్టగొడుగు లాంటి ఎమర్జెన్సీ బటన్ లోపలికి నొక్కి ఉందేమో చూడండి. ఎవరో పిల్లలు నొక్కిపోతారు. వైరు తెగో, కాలిన వాసన వచ్చో ఉంటే ముట్టుకోవద్దు. అవేవీ లేకపోతే నంబరుకు ఫోన్ చేసి చెప్పి, బాణం గుర్తు వైపు తిప్పితే బయటికొస్తుంది, రెండు నిమిషాల్లో స్క్రీన్ వెలుగుతుంది. సిగ్నల్ లేని చోట యాప్ తెరుచుకోదు కాబట్టి ఆ కంపెనీ కార్డు ఇస్తే ముందే తెచ్చిపెట్టుకోండి.

బయలుదేరేటప్పుడు గిర్ని ఆయన ఒకటే చెప్పాడు: "మల్ల రాండ్రి, గని జాతరప్పుడు వద్దు. అప్పుడు గిర్ని తెల్లార్లు నడుస్తది, సాకెట్ ఖాళీ ఉండది."