పొద వెనక ఎవరైనా ఉన్నారా: సౌత్ పాసడీనాలో ఒక రోజు

లాస్ ఏంజిలిస్ వెళ్లినవాళ్లు డిస్నీల్యాండ్ చూస్తారు. సౌత్ పాసడీనా అనే చిన్న ఊళ్లో వీధులు చూద్దామంటే, అర్వైన్‌లో ఉండే మా బావమరిది "అక్కడేముంది బావా, ఇళ్లే కదా!" అన్నాడు. నిజమే, ఇళ్లే. దర్శకుడు జాన్ కార్పెంటర్ 1978లో ‘హాలోవీన్’ అనే హారర్ సినిమా తీసింది ఆ ఇళ్ల మధ్యే.

బస పాసడీనాలో, కొలరాడో బులెవార్డ్ మీద ఒక మోటెల్లో. గది 140 డాలర్లని బుక్ చేశాం. దిగాక పన్ను, పార్కింగుకు మరో 20 కలిపారు. ఏసీ రాత్రంతా పిండిమరలా మోగింది. పక్కగుడ్డలు శుభ్రంగా ఉన్నాయి, అంతవరకు న్యాయం చెప్పాలి. పార్కింగుకు డబ్బు కట్టాం కదా అని కారు అక్కడే వదిలి మెట్రో ఎక్కాం. మెమోరియల్ పార్క్ నుంచి ఎ లైన్‌లో మూడో స్టేషనే సౌత్ పాసడీనా. టికెట్టు 1.75 డాలర్లు. మెట్రోవాళ్ల ట్యాప్ కార్డు (డబ్బు వేసుకుని వాడేది) వాడితే రోజంతా ఎంత తిరిగినా 5 డాలర్లు దాటదు.

రైలు దిగితే నడక దూరంలోనే మిషన్ స్ట్రీట్‌లో సినిమాలోని హంతకుడు మైకేల్ మయర్స్ ఇల్లు. చెప్పాలంటే కాస్త నిరాశే. సినిమాలో అది పాడుబడిన ఇల్లు. 1987లో కూల్చేయబోతే, కాపాడటానికి ఇంటిని మొత్తంగా లేపి ఇక్కడికి తరలించారు. ఇప్పుడు రంగులేసిన చక్కటి ఆఫీసు. ఫొటో తీసుకుని వచ్చేయడమే, పది నిమిషాల పని.

అసలు సరుకు మాంట్రోజ్ అవెన్యూలో ఉంది. కథానాయిక లారీ స్నేహితురాలితో బడి నుంచి నడిచొస్తుంటే, కాలిబాట పక్కన పొద చాటు నుంచి మయర్స్ ఒక్క క్షణం కనిపించి తప్పుకునే చోటు. ఫోన్లో ఆ దృశ్యం ఆపి ఒక్కో ఇంటితో పోల్చుకుంటూ నడిచాం. పట్టపగలు, ఎండ, ఎక్కడో నీళ్ల స్ప్రింక్లర్ చప్పుడు. ఆ సినిమా పనితనం అక్కడ నిలబడితే అర్థమైంది. మొదట్లో వచ్చే హత్య తర్వాత చాలాసేపు చూపించేది ఇదే: ఖాళీ కాలిబాట, దూరంగా ఆగిన కారు, తెల్ల మాస్కు. తర్వాత వచ్చిన స్లాషర్ సినిమాలు (ఒక హంతకుడు ఒక్కొక్కరినే వేటాడే తరహావి) కత్తినీ మాస్కునీ తీసుకున్నాయి గానీ, ఈ ఎదురుచూపును తీసుకున్నవి తక్కువ.

మేం వెళ్లింది అక్టోబరులో, అయినా చాలా చెట్లు పచ్చగానే ఉన్నాయి. సినిమావాళ్లు వసంతంలో తీశారు. కథేమో ఇల్లినాయ్‌లో శరదృతువు. అందుకని రంగేసిన ఎండుటాకులు చల్లడం, షాటు అయ్యాక ఏరి మళ్లీ వాడటం. సుమారు 3 లక్షల డాలర్ల సినిమా మరి! మాస్కు కూడా స్టార్ ట్రెక్ సీరియల్లోని కెప్టెన్ కర్క్ ముఖం మాస్కుకు తెల్లరంగు కొట్టిందే. సంగీతమూ కార్పెంటర్‌దే. ఐదు లెక్క, మన ఖండ చాపులాగా. మా బావమరిది ఆ లెక్కకు చిటికెలు వేస్తూ నడిచాడు, కాసేపటికి నేనే వద్దన్నాను.

మధ్యాహ్నం ఫెయిర్ ఓక్స్ ఫార్మసీ. 1915 నాటిది, లోపల పాతకాలపు సోడా ఫౌంటెన్ (సోడాలు, ఐస్‌క్రీమ్‌లు కలిపిచ్చే కౌంటరు) ఉంది. ఐస్‌క్రీమ్ సోడా తప్పక తాగండి.

ముందురోజు హాలీవుడ్‌లో ఒక వ్యాన్ టూరుకు మనిషికి 70 డాలర్లు పోశాం. హారర్ సినిమాల చోట్లన్నీ చూపిస్తామన్నారు. ఎక్కడా దించలేదు, సౌత్ పాసడీనా మాటే లేదు. దండగ.

సాయంత్రం యూనియన్ స్టేషన్‌లో బి లైన్‌కి మారి హాలీవుడ్/హైలాండ్‌లో దిగి, సన్‌సెట్ మీద బస్సు పట్టుకుని ఆరెంజ్ గ్రోవ్ అవెన్యూ చేరాం. సినిమాలో లారీ పిల్లల్ని కాచుకునే ఇల్లు, ఎదురిల్లు, రాత్రి గొడవంతా జరిగే వీధి ఇదే. మసక చీకట్లో చూడటమే మేలు. అయితే అక్కడ జనం కాపురముంటున్నారు, గేటు దాటకండి. ఒక ఇంటి కిటికీలో దీపం వెలిగింది, ఎవరో తెర పక్కకు తీసి మమ్మల్నే చూశారు. రోడ్డుకు ఇవతల నిలబడి వాళ్ల కిటికీకేసి చూస్తున్నది మేమిద్దరమే. ఫోన్ జేబులో పెట్టేసి బస్టాపుకు నడిచాం.