పెద్ద గ్రాంటా, చిల్లర చందాలా?

పలాసలో ఒక చిన్న సేవాసంస్థకి కొన్నేళ్లుగా లెక్కలు రాస్తున్నాను. మాకున్న దారులు రెండే: ఏదైనా కంపెనీ సామాజిక బాధ్యత కింద ఇచ్చే సీఎస్‌ఆర్ గ్రాంటు, లేదా ఊళ్లవాళ్ల చందాలు.

గ్రాంటు వచ్చిన ఏడాది బ్యాలెన్స్ షీటు పెళ్లికూతురిలా ఉంటుంది. కానీ ఆ డబ్బు ఒప్పందంలో రాసిన పనికే. 2018 అక్టోబరులో తిత్లీ తుపానుకి ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు నేలకొరిగాయి. ఖాతాలో డబ్బుంది, టార్పాలిన్లు కొనడానికి మాత్రం వీల్లేదు! తర్వాత ఆ గ్రాంటూ ఆగింది, ఇద్దరు టీచర్లని మాన్పించాల్సి వచ్చింది.

చందాలంటే ఒట్టి చాకిరీ. ప్రతి దాతకీ రసీదు, పాన్ నంబరు. నగదు 2,000 దాటితే పన్ను మినహాయింపు రాదని ఎంత మొత్తుకున్నా నోట్లే తెస్తారు. పైగా జీడిపిక్కల ధర పడిందంటే జూన్‌లో మా రసీదు పుస్తకం కదలదు. అయినా ఆ డబ్బుతో కరెంటు బిల్లు కట్టడానికి ఎవర్నీ అడగక్కర్లేదు.

దేంతో నడిచినా, మా సంస్థకి పన్ను పడకూడదంటే రాబడిలో 85 శాతం ఆ ఏడాదే ఖర్చుపెట్టాలి, లేదా ఆదాయపన్ను శాఖకి ముందే చెప్పి పక్కన పెట్టాలి. మిగిలే 15 శాతమే మా దాపుడు సొమ్ము.

నా ఓటు చందాలకే. జీతాలు వాటితో, గ్రాంటు వస్తే పైకప్పు రిపేరు. కాశీబుగ్గలో టీకొట్టాయన నెలనెలా వంద ఇస్తాడు. రసీదు వెనకాల పాల బాకీ రాసుకుంటాడు.