ఆరెంజ్ జాకెట్‌తో నాలుగు వేట సీజన్లు

మా కుక్క బ్రౌనీ పేరుకు తగ్గట్టే ఉంటుంది. ఎండుటాకుల్లో పడుకుందంటే పిలిస్తే తప్ప ఎక్కడుందో తెలీదు. దానికి తోడు తోక కింద తెల్లటి బొచ్చు. తోక లేపి పొదల్లోకి ఉరికితే వెనకనుంచి చూసేవాళ్లకు జింకే గుర్తొస్తుంది. మేం రోజూ నడిచే అడవిదారి పక్కన వేటకు అనుమతి ఉంది. అందుకే సీజన్ మొదలైందంటే నాకు టెన్షన్ కూడా మొదలే.

మొదటి ఏడాది మెడకు ఆరెంజ్ రుమాలు కట్టి సరిపెట్టాను. ఇంట్లో చూస్తే భలే కొట్టొచ్చినట్టు కనబడింది. తమ్ముడు మాత్రం నమ్మలేదు. కుక్కను తీసుకెళ్లి పొదల అంచున నిలబడి, నన్ను వంద అడుగులు వెనక్కి నడవమన్నాడు. "అక్కా, కనిపిస్తోందా?" అని ఫోన్లో అడిగాడు. "నువ్వు కనిపిస్తున్నావురా, అది కనిపించట్లేదు" అన్నాను. బ్రౌనీ తల వంచి నేల వాసన చూస్తోంది. మెడ బొచ్చు రుమాలు మీద పడి దాన్ని పూర్తిగా కప్పేసింది. ఆ రోజే రుమాలు మానేశాను.

తర్వాత కొన్న జాకెట్ వీపు మీద దుప్పటిలా పరుచుకునే రకం. పక్కనుంచి బాగానే కనిపించేది. కుక్క మనవైపే నడిచొస్తున్నప్పుడు మాత్రం తల, ఛాతీ, కాళ్లు, అంతా గోధుమ రంగే. పొద చాటున ఉన్న కుక్క ఏ వైపు తిరిగి ఉంటుందో మన చేతుల్లో లేదు కదా! ఇప్పుడు వాడుతున్న రెండోది ఛాతీనీ రెండు డొక్కలనూ చుట్టేస్తుంది. కొనేవాళ్లకు నేను మొదట చెప్పేది ఇదే: బ్రాండ్ సంగతి తర్వాత, ముందు ఎదురుగా నిలబడి చూడండి.

ఇక రంగు. ఇది మామూలు ఆరెంజ్ కాదు, ఫ్లోరసెంట్. కంటికి కనిపించని అతినీలలోహిత కిరణాలను కూడా పీల్చుకుని ఆరెంజ్ వెలుగుగా తిరిగి ఇస్తుంది. మబ్బు పట్టినప్పుడూ మునిమాపు వేళా కూడా జిగేల్‌మనడానికి కారణం అదే. చీకటి పడిందా, ఇక అదీ మామూలు గుడ్డే. ఈ ఆర్భాటమంతా బ్రౌనీకి తెలీదు. కుక్కల కళ్లు నీలం, పసుపు తేడాలనే బాగా పట్టుకుంటాయి. ఆరెంజ్‌కీ ఆకుపచ్చకీ పెద్దగా తేడా తెలీదు. జింకలదీ దాదాపు అదే పరిస్థితి. వేటగాళ్లు కూడా ధైర్యంగా అదే రంగు వేసుకునేది అందుకే.

నన్ను అసలు దెబ్బ కొట్టింది వెలిసిపోవడం. మూడో సీజన్లో కొత్త జాకెట్ వచ్చిన రోజు, పాతదాన్ని పక్కన పెట్టి చూసి నోరు తెరిచాను. పాతది ఎండిన నారింజ తొక్కలా తయారైంది. రోజూ చూస్తున్నదే కాబట్టి ఎప్పుడు పోయిందో గమనించనే లేదు. తప్పు నాదే. నడక అయ్యాక కారు వెనక అద్దం దగ్గర పడేసేదాన్ని, రోజంతా ఎండ దాని మీదే. ఇప్పుడు చన్నీళ్లలో ఉతికి, నీడన ఆరేసి, బీరువాలో పెడుతున్నాను. పాతదాంట్లోంచి వెలవని ముక్క ఒకటి, జేబు లోపలిది, కత్తిరించి దాచాను. నెలకోసారి దాని పక్కన పెట్టి చూస్తే సరిపోతుంది.

మెరిసే పట్టీల గురించి అట్టపెట్టె మీద గొప్పగా రాస్తారు. అవి వెలుగును వచ్చిన దిక్కుకే తిప్పి పంపుతాయి. కాబట్టి చూసేవాడి దగ్గరే లైటు ఉండాలి. కార్ల రోడ్డు దాటేటప్పుడు బ్రహ్మాండం. మసకలో లైటు లేకుండా కాపు కాసే వేటగాడికి మాత్రం అదొక బూడిదరంగు గీత. చాలాచోట్ల సూర్యోదయానికి అరగంట ముందునుంచి సూర్యాస్తమయం తర్వాత అరగంట దాకా కాల్చడానికి అనుమతి ఉంటుంది. జింకలు ఎక్కువగా తిరిగేదీ ఆ మసకలోనే. ఆ వేళల్లో నేను అసలు అడవివైపే వెళ్లను. ఏ జాకెట్ కన్నా ఇదే మెరుగని నా లెక్క.

ఎల్ఈడీ కాలర్ కూడా వాడాను. చలికి చార్జింగ్ త్వరగా దిగిపోతుంది, పొడవాటి బొచ్చు వెలుగును మింగేస్తుంది. రెండో సీజన్లో చార్జింగ్ రంధ్రం మీది రబ్బరు మూత ఊడి, నీళ్లు లోపలికి పోయి చచ్చిపోయింది. పెట్టె మీద "వాటర్‌ప్రూఫ్" అని ఉంది. అమ్మినవాళ్లను అడిగితే, తడిస్తే వారంటీ వర్తించదన్నారు. నవ్వాలో ఏడవాలో తెలీలేదు.

బ్రౌనీ మెడలో కట్టిన చిరుగంట మాత్రం చవకైన అద్భుతం. ఎరుపు, ఆకుపచ్చ తేడా సరిగా తెలియనివాళ్లు ఉంటారు. ఉత్తర ఐరోపా మూలాలున్న మగవాళ్లలో సుమారు 8 శాతం మంది అలాంటివాళ్లే. ఆకుల మధ్య ఆరెంజ్ అలాంటివాళ్లకు మనకు కనిపించినంత స్పష్టంగా కనిపించకపోవచ్చు. గంట చప్పుడుకు రంగుతో పనిలేదు. మొదటి రెండు రోజులు బ్రౌనీ విసుక్కుంది, నేనూ విసుక్కున్నాను. ఇప్పుడు గంట ఆగిపోతేనే తల తిప్పి చూస్తాను.

జాకెట్‌తో ఇబ్బందులూ ఉన్నాయి. మొదటి వారం ముందు కాళ్ల చంకల్లో ఒరుసుకుని చర్మం ఎర్రబడి, కాస్త బొచ్చు కూడా ఊడింది. పట్టీ కింద రెండు వేళ్లు దూరేంత వదులు చేసి, రోజూ ఇంటికి రాగానే అక్కడ తడిమి చూస్తున్నాను. వెల్క్రోకి దారిలోని ముళ్లకాయలన్నీ అంటుకుంటాయి. పాత టూత్‌బ్రష్‌తో గీకాల్సిందే. ఒకసారి పడిపోయిన చెట్టుకొమ్మకు జాకెట్ తగులుకుని బ్రౌనీ అక్కడే గింజుకుంది. గట్టిగా లాగితే ఊడిపోయే క్లిప్ కాబట్టి బతికిపోయాం. కదలని బకిల్ ఉన్న రకం నేను కొనను.

జాకెట్ ఆపలేనివీ ఉన్నాయి. ఎక్కడో తుపాకీ పేలిన చప్పుడుకు ఒకరోజు బ్రౌనీ హడలిపోయి పరుగు తీసింది. వాగు అవతల ఆరెంజ్ చుక్క కనబడబట్టి ఇరవై నిమిషాల్లో దొరికింది. అప్పటినుంచి సీజన్ అయ్యేదాకా తాడు విప్పను. దారి పక్కన ఉచ్చులు ఉండొచ్చు, వాటికి రంగుతో సంబంధం లేదు. మెడపట్టీ మీద నా ఫోన్ నంబర్ చెక్కించాను.

రెండో జాకెట్‌కు ఈ మధ్య ఎడమ క్లిప్ విరిగింది. కొత్తది కుట్టించి వాడుతున్నాను, రంగు ఇంకా ఆ దాచిన ముక్కతో సరిపోతోంది. వచ్చే ఏడు కొనేది పొట్ట కింద కూడా కప్పే రకం. బ్రౌనీకి గడ్డిలో వెల్లకిలా పడి దొర్లే అలవాటుంది, అప్పుడు కనిపించేదంతా గోధుమ రంగే.